పెద్ద వరసలో చిన్న వరస

పొడవాటి రాతలో ఒక చిన్న ముక్క ఉందో లేదో కంప్యూటర్ చేత వెతికించడం ప్రోగ్రాములు రాసేవాళ్లకు రోజూ తగిలే పని. ఫోన్‌లో పేరులోని రెండు మూడు అక్షరాలు కొట్టగానే ఆ అక్షరాలున్న పేర్లన్నీ పైకి వస్తాయి. ఓటర్ల జాబితాలో ఇంటిపేరు కొడితే ఆ ఇంటిపేరువాళ్లంతా కనిపిస్తారు. ఇలాంటి పనులన్నిటికీ మూలం ఒకటే. పెద్ద రాతలో చిన్న రాతను వెతకడం. ప్రోగ్రాముల్లో రాతను స్ట్రింగ్ అంటారు. దాని లోపల వెతికే ముక్కను సబ్‌స్ట్రింగ్ అంటారు.

ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా పైథాన్ భాషలోవి. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ ఆ భాషను తయారుచేసి 1991లో మొదటిసారి విడుదల చేశారు. ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీల్లోనే కాదు, సీబీఎస్ఈ బడుల్లో 11వ తరగతి పిల్లలు కూడా ఆ భాషలోనే ప్రోగ్రాములు నేర్చుకుంటున్నారు. అందుకే ఉదాహరణలకు అది అనువుగా ఉంటుంది.

స్ట్రింగ్ అంటే గుర్తుల వరస. మిగతా విషయమంతా దీనిమీదే నిలబడుతుంది కాబట్టి శ్రోతలు ఈ మాటను మరోసారి వినాలి. స్ట్రింగ్ అంటే గుర్తుల వరస. ఒక గుర్తు తర్వాత ఇంకో గుర్తు, దాని తర్వాత మరొకటి. ప్రతి గుర్తుకూ ఒక స్థానం ఉంటుంది. ఆ లెక్క సున్నాతో మొదలవుతుంది. మొదటి గుర్తుది సున్నా స్థానం. రెండో గుర్తుది 1. మూడో గుర్తుది 2.

తెలుగు రాతలో ఈ గుర్తు అనేది పూర్తి అక్షరం కానక్కర్లేదు. హల్లు ఒక గుర్తు. దాని దీర్ఘం ఇంకో గుర్తు. గుడి, కొమ్ము, సున్న, పొల్లు, ఇవన్నీ దేనికదే విడి గుర్తులు. తలకట్టు ఒక్కటే హల్లులో కలిసిపోయి ఉంటుంది. పల్లి అనే మాట తీసుకోండి. కంటికి రెండు అక్షరాలు. కంప్యూటర్ దాచుకునేది మాత్రం ఐదు గుర్తులు. ప, ల, పొల్లు, మళ్లీ ల, చివర గుడి. వత్తు అంటూ వేరే గుర్తు ఏదీ లేదు. ఒక హల్లు, పొల్లు, ఇంకో హల్లు వరసగా వస్తే తెర మీద వత్తుగా గీయాలని ఫాంటుకు తెలుసు. అంతే.

ఇప్పుడు వెతకడం సంగతి. ఒక ఫైల్‌లో ఊళ్ల పేర్లున్నాయి. అందులో పల్లి అనే ముక్క ఉన్న ఊళ్లు కావాలి. పైథాన్‌లో దీనికి ఇన్ అనే చిన్న మాట చాలు. ముందు వెతికే ముక్క రాస్తారు. మధ్యలో ఇన్ అని రాస్తారు. తర్వాత పెద్ద రాత. పల్లి, ఇన్, తాడేపల్లిగూడెం. జవాబు ట్రూ అని వస్తుంది. పల్లి, ఇన్, భీమవరం. జవాబు ఫాల్స్ అని వస్తుంది. ఉందా, లేదా. ఇన్ జవాబు చెప్పేది ఈ ఒక్క ప్రశ్నకే.

ఎక్కడుంది అన్నది రెండో ప్రశ్న. దానికి ఫైండ్ అనే ఫంక్షన్ ఉంది. తాడేపల్లిగూడెంలో పల్లిని ఫైండ్ చేయమంటే 4 అని చెప్తుంది. లెక్క ఇలా. త సున్నా స్థానంలో ఉంది. దాని దీర్ఘం 1లో ఉంది. డ 2లో, దాని ఏత్వం 3లో ఉన్నాయి. ప నాలుగో స్థానంలో మొదలవుతుంది. ముక్క రెండు మూడు చోట్ల ఉంటే ఫైండ్ మొదటి చోటే చెప్తుంది. చివరి చోటు కావాలంటే ఆర్‌ఫైండ్ వాడాలి. ముక్క అసలు లేకపోతే ఫైండ్ మైనస్ 1 అంటుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ మైనస్ 1 దగ్గరే. అందుకే ఇక్కడ కాస్త ఆగాలి. పైథాన్‌లో సున్నా అంటే కాదు కిందే లెక్క. సున్నా కాని ఏ అంకె అయినా అవును కింద లెక్క. మైనస్ 1 కూడా అవునే. ఇప్పుడు ఎవరో ఒక విద్యార్థి వరం అనే ముక్క ఉన్న ఊళ్లు కావాలని, షరతు చెప్పే ఇఫ్ పక్కన ఫైండ్ పెట్టి ప్రోగ్రాం రాశాడనుకోండి. భీమవరంలో ముక్క మూడో స్థానంలో దొరుకుతుంది. మూడు అంటే అవును. ఆ ఊరు జాబితాలోకి వచ్చింది. బాగానే ఉంది. తర్వాత వరంగల్. అందులో వరం మొదట్లోనే ఉంది. ఫైండ్ సున్నా అని చెప్తుంది. సున్నా అంటే కాదు. ఉన్న ఊరు జారిపోయింది. తర్వాత విజయవాడ. అందులో వరం లేనే లేదు. ఫైండ్ మైనస్ 1 అంటుంది. మైనస్ 1 అంటే అవును. లేని ఊరు జాబితాలో చేరింది. ప్రోగ్రాం ఎక్కడా ఆగదు. ఎర్రర్ ఏదీ రాదు. జాబితా మాత్రం తప్పు.

దీనికి విరుగుడు సులువు. ఉందా లేదా అని తెలియాలంటే ఇన్ వాడాలి. ఎక్కడుందో తెలియాలంటేనే ఫైండ్ వాడాలి. ఫైండ్ వాడితే వచ్చిన జవాబును మైనస్ 1తో పోల్చి చూశాకే ముందుకు వెళ్లాలి. మరోసారి. ఉందా అంటే ఇన్. ఎక్కడ అంటే ఫైండ్.

మైనస్ 1తో ఇంకో ప్రమాదం ఉంది. పైథాన్‌లో మైనస్ 1వ స్థానం అంటే చివరి గుర్తు. కాబట్టి దొరకని ముక్క స్థానాన్ని చూసుకోకుండా, అక్కడినుంచి రాతను కత్తిరిస్తే చివరి గుర్తు ఒక్కటి చేతికి వస్తుంది. అదే నిజమైన జవాబనుకుని ప్రోగ్రాం సాగిపోతుంది. ముక్క తప్పనిసరిగా ఉండాల్సిన చోట, లేకపోవడమే తప్పు అయినచోట, ఫైండ్ బదులు ఇండెక్స్ అనే ఫంక్షన్ మంచిది. ముక్క దొరికితే రెండూ ఒకే జవాబు చెప్తాయి. దొరకకపోతే ఇండెక్స్ వాల్యూ ఎర్రర్ ఇచ్చి ప్రోగ్రాంను అక్కడే నిలబెడుతుంది. తప్పు జవాబుతో ముందుకు నడవడం కంటే అలా నిలబడిపోవడమే ఎప్పుడూ మేలు.

ఈ చిక్కు పైథాన్ ఒక్కదానిది కాదు. జావాస్క్రిప్ట్‌లో ఇండెక్స్ ఆఫ్ అనే ఫంక్షన్ కూడా దొరకకపోతే మైనస్ 1 ఇస్తుంది. ఉందా లేదా అని సూటిగా అడగడానికి ఇన్‌క్లూడ్స్ అనే ఫంక్షన్ 2015 ప్రమాణంలో వచ్చింది. జావాలో ఇదే పనికి కంటెయిన్స్ ఉంది. పీహెచ్‌పీలో పాత పద్ధతి ఇంకా ఇబ్బందికరం. దొరకకపోతే ఫాల్స్, మొదట్లోనే దొరికితే సున్నా ఇస్తుంది. జాగ్రత్తగా పోల్చకపోతే రెండూ ఒకటిగానే కనబడతాయి. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8 దీనికోసం విడిగా ఒక ఫంక్షన్ తెచ్చింది. సి భాషలో అంకె బదులు మెమరీలో ఆ ముక్క మొదలైన చోటు చేతికి వస్తుంది. లేకపోతే శూన్యం వస్తుంది. ఏ భాషలోనైనా ముందు తెలుసుకోవాల్సింది ఒకటే. ముక్క దొరకనప్పుడు ఏం చెప్తుంది అని.

మూడో ప్రశ్న ఎన్నిసార్లు ఉంది అన్నది. దానికి కౌంట్ ఉంది. కానీ అది ఒకదానిమీద ఒకటి పడిన ముక్కలను లెక్కపెట్టదు. గలగలగల అనే రాతలో గలగల ఎన్నిసార్లు ఉంది? మొదటి గ నుంచి చదివితే ఒకసారి ఉంది. రెండో గ నుంచి చదివినా ఒకసారి ఉంది. మొత్తం రెండు. కౌంట్ మాత్రం ఒకటే అంటుంది. మొదటిది దొరకగానే ఆ నాలుగు గుర్తులూ దాటేసి, మిగిలిన గల దగ్గర మళ్లీ మొదలుపెడుతుంది. రెండూ కావాలంటే ఫైండ్‌ను పదేపదే పిలవాలి. ఫైండ్‌కు ఎక్కడనుంచి వెతకాలో కూడా చెప్పవచ్చు. దొరికిన స్థానానికి ఒకటి కలిపి అక్కడనుంచి మళ్లీ వెతకమంటే ఒక్కటీ జారిపోదు.

ఖాళీ స్ట్రింగ్ గురించి కూడా చెప్పుకోవాలి. ఏ గుర్తూ లేని స్ట్రింగ్ ప్రతి రాతలోనూ ఉన్నట్టే లెక్క. ఇన్ ట్రూ అంటుంది. ఫైండ్ సున్నా అంటుంది. వెతికే పెట్టెలో ఏమీ కొట్టకుండానే బటన్ నొక్కితే జాబితా అంతా వచ్చి పడేది అందుకే. అలా జరగకూడదంటే ముక్క ఖాళీగా ఉందేమో ముందే చూసుకోవాలి.

మళ్లీ ఊళ్ల జాబితా దగ్గరకు. తాడేపల్లి గుంటూరు జిల్లాలో ఉంది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. రెండూ వేరే ఊళ్లు. తాడేపల్లి చిరునామాలు కావాలని ఇన్‌తో వెతికితే గూడెం చిరునామాలు కూడా వచ్చి కలుస్తాయి. కంప్యూటర్ తప్పు చేయలేదు. తాడేపల్లి అనే వరస తాడేపల్లిగూడెంలో నిజంగానే ఉంది. అడిగిన ప్రశ్నే సరిగ్గా లేదు. ఇన్ అడిగేది వరస ఉందా అని. ఊరు అదేనా అని కాదు. ఊరు అదేనా అని తెలియాలంటే పేరు మొత్తాన్ని పేరు మొత్తంతో సమానమా అని పోల్చాలి. పల్లితో ముగిసే పేర్లే కావాలంటే ఎండ్స్‌విత్ అనే ఫంక్షన్ ఉంది. అనకాపల్లి వస్తుంది, తాడేపల్లిగూడెం రాదు. మొదట్లో ఉన్నవే కావాలంటే స్టార్ట్స్‌విత్ ఉంది.

కంప్యూటర్ ఈ వెతుకులాట ఎలా చేస్తుందో తెలిస్తే కొన్ని విషయాలు తేలికపడతాయి. మల్లెలు, కనకాంబరాలు, మరువం, చామంతులు కలిపి కట్టిన బారెడు దండ ఒకటి ఉందనుకుందాం. చేతిలో చిన్న నమూనా ఉంది. మల్లె, కనకాంబరం, మరువం, ఇదీ దాని వరస. దండలో ఈ వరస ఎక్కడుందో చూడాలి. నమూనాను దండ మొదట ఆనించి పువ్వుకు పువ్వు పోల్చాలి. ఎక్కడ తేడా వస్తే అక్కడ ఆపి, నమూనాను ఒక్క పువ్వంత పక్కకు జరిపి మళ్లీ మొదటినుంచి పోల్చాలి. చివరిదాకా ఇంతే. మామూలు రాతల్లో ఈ పద్ధతి బాగానే నడుస్తుంది. తేడా సాధారణంగా మొదటి పువ్వు దగ్గరో రెండో పువ్వు దగ్గరో బయటపడుతుంది కాబట్టి.

దండంతా మల్లెలే అయితే మాత్రం కష్టం. నమూనా కూడా మల్లెలే, చివర ఒక్కటి కనకాంబరం అనుకుందాం. అప్పుడు ప్రతిసారీ నమూనా చివరిదాకా పోలిస్తేగాని తేడా తెలియదు. లక్ష పూల దండలో వెయ్యి పూల నమూనా వెతకాలంటే దాదాపు 10 కోట్ల పోలికలు అవుతాయి.

ఈ వృథా పనిని తగ్గించే దారులు రెండు 1977లో అచ్చయ్యాయి. మొదటిది డొనాల్డ్ క్నూత్, జేమ్స్ మారిస్, వాన్ ప్రాట్ కలిసి రాసినది. ఒకసారి చూసిన పువ్వును మళ్లీ వెనక్కి వెళ్లి చూడనక్కర్లేదు అన్నది దాని సారం. నమూనాలో ఇప్పటిదాకా కలిసిన భాగాన్ని బట్టి, తర్వాత ఎక్కడ ఆనించాలో ముందే లెక్క కట్టుకుంటారు. దండ మీద చూపు ముందుకే సాగుతుంది. మారిస్‌కు ఈ ఆలోచన రాతలు దిద్దే ప్రోగ్రాం ఒకటి తయారుచేస్తున్నప్పుడు తట్టింది. చేతిలో ఉన్న చిన్న పనికోసం వెతుక్కున్న ఉపాయం కంప్యూటర్ శాస్త్రంలో ప్రతి విద్యార్థీ చదివే పాఠం అయింది.

రెండోది రాబర్ట్ బోయర్, జె స్ట్రోథర్ మూర్‌లది. ఇది మరీ చక్కని ఉపాయం. నమూనాను మొదటి పువ్వు వైపునుంచి కాక చివరి పువ్వు వైపునుంచి పోల్చడం. నమూనా చివర మరువం ఉంది. దండలో ఆ చోట చామంతి ఉంది. నమూనాలో చామంతి ఎక్కడా లేదు. అలాంటప్పుడు నమూనాను ఒక్క పువ్వంత జరిపినా, రెండు పూలంత జరిపినా లాభం లేదు. ఆ చామంతిని దాటేదాకా ఒక్కసారే జరిపేయవచ్చు. మధ్యలో పూలను చూడనైనా అక్కర్లేదు. అందువల్ల ఒక వింత జరుగుతుంది. వెతికే ముక్క పొడవయ్యేకొద్దీ చాలాసార్లు వెతకడం తొందరగా అయిపోతుంది. దండలోని పూలన్నిటినీ చూడకుండానే జవాబు చెప్పవచ్చు.

పైథాన్‌లో ఫైండ్, ఇన్ ఇలాంటి ఉపాయాలతోనే పనిచేస్తాయి. 2006లో వచ్చిన పైథాన్ 2.5 కోసం ఫ్రెడ్రిక్ లుండ్ అనే ఆయన బోయర్, మూర్‌ల దారిలో వేగమైన వెతుకులాట రాశారు. అయితే ఇందాక చెప్పిన మల్లెల దండ లాంటి రాతల్లో అది నెమ్మదించేది. 2021లో వచ్చిన పైథాన్ 3.10లో పొడవాటి ముక్కలకోసం ఇంకో పద్ధతి చేర్చారు. అది మాక్సిమ్ క్రోషెమోర్, డొమినిక్ పెరాన్ 1991లో ప్రచురించినది. ఎంత చిక్కు రాత అయినా పని రాత పొడవును బట్టే పెరుగుతుంది తప్ప గుణకారంలా పెరగదు. అందుకే ఒక్కో గుర్తునూ తానే పోల్చుకునే లూప్ రాసుకోవడం అభ్యాసానికి మంచిదేగానీ నిజమైన పనిలో దానికన్నా ఇన్ ఎప్పుడూ వేగం.

ఇక తెలుగు రాతల సంగతి. ఇది విడిగా చెప్పుకోవలసినంత ఉంది. ఇంగ్లిష్ ఉదాహరణలతో నేర్చుకున్నవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు.

గ్రామం అనే మాటలో రామ అనే ముక్క ఉందా? చదివేవాళ్లెవరైనా లేదనే అంటారు. కంటికి కనబడేది గా, దాని కింద క్రావడి, పక్కన మం. కంప్యూటర్ మాత్రం ట్రూ అంటుంది. అది దాచుకున్న వరస చూడండి. గ, పొల్లు, ర, దీర్ఘం, మ, సున్న. ఆరు గుర్తులు. మధ్యలో ర, దీర్ఘం, మ వరసగా ఉన్నాయి. అదే రామ. కింద క్రావడిగా కనబడేది లోపల మామూలు ర. పైన గ మీద కనబడే దీర్ఘం లోపల ర తర్వాత ఉంది. రామ అనే పేరున్న మనుషులను వెతికితే గ్రామం, డ్రామా, విరామం, పరామర్శ అన్నీ కట్టకట్టుకుని వస్తాయి.

ఇంకో ఉదాహరణ మేకలు. అందులో కల అనే ముక్క ఉందా? ఉంది. మ, ఏత్వం, క, ల, కొమ్ము. క పక్కన ల ఉంది కాబట్టి కల దొరుకుతుంది. ల తర్వాత కొమ్ము ఉందన్న సంగతి వెతికే ఫంక్షన్‌కు పట్టదు. లు అనే అక్షరాన్ని మధ్యకు కోసినట్టయిందని దానికి తెలియదు. దానికి తెలిసింది గుర్తుల వరసే. ఇలాంటి కోతలు వద్దంటే చిన్న జాగ్రత్త తీసుకోవచ్చు. ముక్క దొరికాక దాని వెంటనే ఉన్న గుర్తు చూడాలి. అది కొమ్మో గుడో సున్నో పొల్లో అయితే అక్షరం మధ్యలో తెగింది. అలాగే ముక్కకు ముందున్న గుర్తు పొల్లు అయితే మొదటి హల్లు వత్తులో భాగం. రెండు సందర్భాల్లోనూ దాన్ని వదిలేయాలి. ఈ చిన్న పరీక్షతో మేకలులో కల పోతుంది, గ్రామంలో రామ పోతుంది. విరామంలో రామ కూడా పోతుంది, వెనక సున్న ఉంది కాబట్టి. పరామర్శలో రామ మాత్రం అక్షరాల లెక్కన నిజంగానే ఉంది. అది మిగులుతుంది.

అయితే ఈ పరీక్ష అన్నిచోట్లా పెట్టకూడదు. పుస్తక అని వెతికి పుస్తకం, పుస్తకాలు, పుస్తకాన్ని అన్నీ పట్టుకోవాలంటే క తర్వాత సున్న వచ్చినా దీర్ఘం వచ్చినా ఒప్పుకోవాల్సిందే. ఏది కావాలో వెతికేవాళ్లే తేల్చుకోవాలి.

లేనిది దొరకడం ఒక ఇబ్బంది అయితే, ఉన్నది దొరకకపోవడం దానికి పూర్తిగా ఎదురైన ఇబ్బంది. తెలుగు రాతల్లో కంటికి కనబడని ఒక గుర్తు తరచుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా, వే విడిగా నిలవాలని మధ్యలో ఒక గుర్తు కొడతారు. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. కానీ వరసలో దానికి ఒక స్థానం ఉంది. హైదరాబాద్‌లో, ఫేస్‌బుక్, ఇలాంటి మాటలన్నిట్లో ఇది దాగి ఉంటుంది. ఒకరు ఆ గుర్తుతో రాసి, ఇంకొకరు ఆ గుర్తు లేకుండా వెతికితే ఫైండ్ మైనస్ 1 అంటుంది.

ఐత్వం దగ్గర ఇలాంటిదే ఇంకో తంటా. యూనికోడ్‌లో అంటే లిపులన్నిటి గుర్తులకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పట్టికలో, తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అందులో ఐత్వానికి ఒక గుర్తు ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం, దాని కింద ఇంకో చిన్న గుర్తు, ఇలా రెండు గుర్తులుగానూ రాయవచ్చు. హైదరాబాద్ రెండు విధాలా రాస్తే తెర మీద తేడా ఉండదు. లోపల వరసలు వేరు. ఒకదానితో వెతికితే రెండోది దొరకదు. గంటలు గంటలు తినే తప్పు ఇలాంటిదే. కళ్లముందు ఉన్న మాట లేదని కంప్యూటర్ చెప్తుంటే ప్రోగ్రాంనే అనుమానిస్తూ కూర్చుంటారు.

దీనికి మందు పైథాన్‌తోపాటే వస్తుంది. యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్‌లో నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది. ఎన్ఎఫ్‌సీ అనే పద్ధతి ఎంచుకుంటే విడివిడి గుర్తులుగా ఉన్న ఐత్వం ఒకే గుర్తుగా మారుతుంది. కనబడని గుర్తును మాత్రం అది తీయదు. దాన్ని రీప్లేస్ అనే ఫంక్షన్‌తో విడిగా తీసేయాలి. శ్రోతలు ఇక్కడ రెండు జాగ్రత్తలు గుర్తుంచుకోవాలి. ఈ శుభ్రం చేయడం వెతికే ముక్కకూ పెద్ద రాతకూ రెండింటికీ జరగాలి. ఒకదానికే చేస్తే పాత ఇబ్బందే తిరగబడి వస్తుంది. రెండోది, శుభ్రం చేసిన నకలును వెతకడానికే వాడాలి. అసలు రాతను అలాగే ఉంచాలి. ఆ కనబడని గుర్తు తీసేసిన రాతను అచ్చువేస్తే అక్కర్లేని వత్తులు పడతాయి.

ఇంగ్లిష్ అక్షరాల విషయంలో పెద్దవీ చిన్నవీ అనే తేడా ఉంటుంది. ఒకరు పెద్ద అక్షరంతో, ఇంకొకరు చిన్న అక్షరంతో కొడతారు. కేస్‌ఫోల్డ్ అనే ఫంక్షన్‌ను రెండువైపులా వాడితే ఆ తేడా పోతుంది. తెలుగుకు దాని అవసరం లేదు. తెలుగూ ఇంగ్లిషూ కలిసిన రాతల్లో వాడినా నష్టం లేదు.

స్థానం లెక్క కూడా భాషను బట్టి మారుతుంది. గ్రామంలో రామ ఎక్కడుందంటే పైథాన్ 2 అంటుంది. గో భాష 6 అంటుంది. రెండూ నిజమే. పైథాన్ గుర్తులు లెక్కపెడుతుంది. గో బైట్లు లెక్కపెడుతుంది. యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. ఒక భాషలో దొరికిన స్థానాన్ని ఇంకో భాషలో రాసిన ప్రోగ్రాంకు అందించేచోట ఇది చూసుకోకపోతే అక్షరాలు ముక్కలైపోతాయి.

మాట మొత్తం కావాలన్నప్పుడు చాలామంది నమూనాలతో వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వైపు వెళ్తారు. అందులో మాట సరిహద్దును చెప్పే గుర్తు ఉంది. ఇంగ్లిష్‌లో అది చక్కగా పనిచేస్తుంది. పైథాన్‌తో వచ్చే ఆర్ఈ మాడ్యూల్‌లో తెలుగుకు అది పనికిరాదు. ఆ మాడ్యూల్ లెక్కలో దీర్ఘం, గుడి, కొమ్ము, పొల్లు అక్షరాలు కావు. కాబట్టి మాట మధ్యలోనే సరిహద్దు ఉందనుకుంటుంది. విడిగా దించుకునే రెజెక్స్ అనే మాడ్యూల్‌లో ఈ లోపం లేదు. దాన్ని తెచ్చుకోవడం ఇష్టం లేకపోతే ఖాళీల దగ్గర రాతను మాటలుగా విడగొట్టి, చివర ఉన్న కామాలూ చుక్కలూ తీసేసి, ఒక్కో మాటనూ సమానమా అని పోల్చడం నమ్మకమైన దారి.

తెలుగులో మాట ఎప్పుడూ ఒకేలా ఉండదు. విభక్తి చేరితే మారుతుంది, బహువచనంలో మారుతుంది. పుస్తకం అని వెతికితే పుస్తకంలో దొరుకుతుంది, పుస్తకాలు దొరకవు. పుస్తక అని వెతికితే రెండూ దొరుకుతాయి. అందుకే తెలుగులో వెతికేటప్పుడు మాట మొత్తం కొట్టడం కంటే మారని భాగం కొట్టడం మేలు. కొన్ని మాటల్లో మారని భాగమే దాదాపు ఉండదు. ఇల్లు, ఇంట్లో, ఇళ్లు. మూడింటికీ మొదట్లో ఉమ్మడిగా ఉన్నది ఇ ఒక్కటే. ఇ అని వెతికితే ఫైల్‌లో ఇ ఉన్న మాటలన్నీ వచ్చి పడతాయి. అలాంటి మాటకు ఇల్లు, ఇంటి, ఇంట్లో, ఇళ్ల అని రూపాలన్నీ ఒక జాబితాగా రాసుకోవాలి. ఒక్కో రూపాన్నీ ఇన్‌తో వెతకాలి. ఏ ఒక్కటి దొరికినా చాలు అని చెప్పడానికి పైథాన్‌లో ఎనీ అనే ఫంక్షన్ ఉంది. ఆ జాబితాలో ఏ రూపాలుండాలో కంప్యూటర్ చెప్పలేదు. తెలుగు బాగా వచ్చిన మనిషి కూర్చుని రాయాలి.